మోకాలి కింద కాలు తీసేశాక: కట్టు మొదలు కృత్రిమ కాలు దాకా

మొదట మోకాలి కింద పెట్టిన ఆ దిండు తీసేయండి.

ఆపరేషనై ఇంటికొచ్చిన మనిషికి ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ చేసే పని అదే. దిండు ఉంటే అప్పటికి హాయిగానే ఉంటుంది. కానీ తొడ వెనక కండరాలు మోకాలిని ఎప్పుడూ మడత వైపే లాగుతుంటాయి. వంచి ఉంచిన మోకాలు కొన్ని వారాల్లోనే అలా బిగుసుకుపోతుంది. 10 డిగ్రీల వంకర ఉన్నా కృత్రిమ కాలు అమర్చేటప్పుడు కొంత సర్దుకోవచ్చు. 25 దాటితే మామూలు సాకెట్, అంటే మిగిలిన కాలు దూరే గిన్నెలాంటి భాగం, కుదరదు. ఆ తర్వాత ఎంత ఖరీదైన పాదం తగిలించినా నడక కుంటుగానే ఉంటుంది. కాలు ఎప్పుడు పెడతారని అందరూ అడుగుతారు. ఆ కాలు ఎంత బాగా పనిచేస్తుందన్నది మాత్రం క్లినిక్ గడప తొక్కకముందే, ఇంట్లో గడిచే ఆరేడు వారాల్లోనే చాలావరకు తేలిపోతుంది.

ఇక్కడ రాసేదంతా మోకాలి కింద తీసేసిన కాలి గురించి. మోకాలి పైన తీస్తే కట్టు వేసే తీరు, వ్యాయామాలు వేరుగా ఉంటాయి. మిగిలిన కాలి భాగాన్ని క్లినిక్‌లో స్టంపు అంటారు, మనమూ ఆ మాటే వాడదాం.

మోకాలు చాపి ఉంచడం

మంచం మీద కాలు నిటారుగా చాచి పడుకోవాలి. స్టంపును మంచం అంచు నుంచి వేలాడదీసి కూర్చోకూడదు. అలా కూర్చుంటే మోకాలు వంగడమే కాక వాపు కూడా కిందికి దిగుతుంది. కుర్చీలో కూర్చోవాలంటే తొడ కింద నుంచి ముందుకు పొడుచుకొచ్చేలా ఒక చెక్క పలక పెట్టి, దాని మీద దుప్పటి మడతేసి, స్టంపును చాచి ఆనించాలి. వీల్‌చైరైనా ఇంట్లోని ప్లాస్టిక్ కుర్చీయైనా ఇదే పద్ధతి. అడుగు వెడల్పు, రెండడుగుల పొడవున్న ప్లైవుడ్ ముక్క సరిపోతుంది, పక్క వీధి వడ్రంగి కోసిస్తాడు.

రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 15 నుంచి 20 నిమిషాలు బోర్లా పడుకోవాలి. తుంటి ముందు భాగం సాగడానికి ఇది. గుండె జబ్బో ఆయాసమో ఉండి బోర్లా పడుకోలేనివాళ్లు వెల్లకిలా పడుకుని, మంచి కాలి మోకాలిని ఛాతీ వైపు రెండు చేతులతో లాక్కుని, స్టంపును పరుపుకు అదిమి ఉంచితే చాలు.

వ్యాయామాలు మూడు నాలుగే, కానీ మానకూడదు. స్టంపు చివర కింద టవల్ చుట్ట పెట్టి, తొడ కండరం బిగించి మోకాలిని కిందికి నొక్కి ఐదు లెక్కపెట్టాలి. అలా పది సార్లు, రోజుకు నాలుగు పూటలు. చాచిన కాలిని జానెడు ఎత్తు లేపి నెమ్మదిగా దించడం, మంచి కాలి వైపు తిరిగి పడుకుని స్టంపును పైకెత్తడం, బోర్లా పడుకున్నప్పుడు వెనక్కి ఎత్తడం మిగతావి. ఇవి చేసేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఉన్నవాళ్లయితే మరీను. చేతుల బలం కూడా అవసరమే. కుర్చీ చేతుల మీద భారం వేసి పిరుదులు లేపే అలవాటు ఇప్పుడే చేసుకుంటే వాకర్ పట్టిన రోజున చేతులు వణకవు.

కట్టు కట్టే తీరు

ఈ విషయంలో కాస్త నిదానంగా చదవండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

10 సెంటీమీటర్ల వెడల్పు క్రేప్ బ్యాండేజీలు కనీసం నాలుగు కొనండి. రెండు కాలికి, రెండు ఉతుకులో ఉంటాయి. హైదరాబాద్ కోఠి సర్జికల్ షాపుల్లో డజను లెక్కన తీసుకుంటే చవక, కానీ సాగదీసి వదిలితే వెంటనే వెనక్కి లాక్కునేదే తీసుకోవాలి. వదులుగా సాగే గాజుగుడ్డ రకం పనికిరాదు.

మోకాలు చాచి ఉంచి, చిప్పకు కొంచెం కింద ముందు వైపు మొదలుపెట్టండి. అక్కడి నుంచి బ్యాండేజీని కిందికి దించి, స్టంపు చివర మీదుగా వెనక్కి తిప్పి, మోకాలి వెనక మడత దాకా తీసుకెళ్లండి. మళ్లీ అదే దారిలో ముందుకు. ఇలా రెండు మూడు నిలువు మడతలు పడ్డాక, చివర ఒక మూల నుంచి ఏటవాలుగా పైకి, వెనక నుంచి తిప్పి ఏటవాలుగా కిందికి, ఇంగ్లిష్ అంకె 8 పడుకున్నట్టు చుట్టుకుంటూ రావాలి. ఒక్కో చుట్టు దాని ముందు చుట్టును సగం కప్పాలి. చివర దగ్గర బిగువు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. మోకాలి పైన తొడ మీద కూడా ఒకటి రెండు చుట్లు వేసి, చిప్పను మాత్రం తెరిచి ఉంచాలి. తొడ మీది చుట్లు లేకపోతే కట్టు జారిపోతుంది. చివర టేపుతో అంటించండి. పిన్నీసు వద్దు, షుగర్ వల్ల స్పర్శ తగ్గిన చర్మంలోకి అది గుచ్చుకున్నా తెలియదు.

గాజులు వేసినట్టు గుండ్రంగా చుట్టడం అన్నిటికంటే చెడ్డది. పైన బిగిసి కింద వదులవుతుంది. రక్తం దిగుతుంది గానీ తిరిగి పైకి రాదు. రెండు వారాల్లో స్టంపు చివర ఉల్లిగడ్డలా ఉబ్బుతుంది, ఆ ఆకారానికి సాకెట్ తొడగలేం. మూలలు సరిగా కప్పకపోతే రెండు పక్కలా చెవుల్లా కండ పొడుచుకొస్తుంది, దాంతోనూ ఇదే బాధ.

నాలుగైదు గంటలకోసారి విప్పి మళ్లీ కట్టండి. స్నానం, మాలిష్ తప్ప రాత్రి పగలు కట్టు ఉండాల్సిందే. కట్టాక చివర నీలంగా మారినా, టకటకమని కొట్టుకుంటూ నొప్పెట్టినా వెంటనే విప్పేయాలి. కాలి రక్తనాళాలు మూసుకుపోవడం వల్ల ఆపరేషనైనవాళ్లు ఎంత బిగువు వాడాలో సర్జన్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. బ్యాండేజీని చల్లటి సబ్బు నీళ్లలో ఉతికి, పిండకుండా, తీగ మీద వేలాడదీయకుండా టవల్ మీద పరచి నీడలో ఆరేయండి. వేలాడితే బరువుకు సాగి సత్తువ పోతుంది. కట్టు కట్టడం చేతకాని ఇంట్లో, కుట్లు విప్పి గాయం మూసుకున్నాక ష్రింకర్ సాక్స్, అంటే స్టంపును బిగుతుగా పట్టి వాపు తగ్గించే సాగే తొడుగు, వాడటం మేలు. తప్పుగా కట్టిన కట్టు కంటే తిన్నగా తొడిగిన సాక్స్ నయం.

చర్మం, మచ్చ, లేని కాలి నొప్పి

సాయంత్రం గోరువెచ్చటి నీళ్లతో, మామూలు సబ్బుతో కడిగి, అద్ది ఆరబెట్టండి. స్పిరిట్, డెటాల్, పసుపు ముద్ద వద్దు. పొద్దున్నే కడిగి తడి ఆరకుండా సాకెట్ తొడిగితే చర్మం నాని ఒరుసుకుపోతుంది. స్టంపు మీద వెంట్రుకలు గీయకూడదు, తిరిగి మొలిచేటప్పుడు లోపలికి ముడుచుకుని సెగ్గడ్డలవుతాయి.

గాయం పూర్తిగా మానాక మచ్చను రెండు వేళ్లతో చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దండి. చర్మం ఎముకకు అతుక్కోకుండా కదలాలి, ఉద్దేశం అంతే. మొదట దూది, తర్వాత నూలు గుడ్డ, ఆపైన గరుకు టవల్ రాస్తూ, అరచేత్తో తడుతూ ఐదేసి నిమిషాలు అలవాటు చేస్తే తాకితే ఉలిక్కిపడే గుణం తగ్గుతుంది. మచ్చ విచ్చుకున్నా, చీము పట్టినా, చుట్టూ నల్లబడినా, జ్వరం వచ్చినా ఇవన్నీ ఆపి సర్జన్ దగ్గరికి వెళ్లాలి.

లేని పాదం మండటం, లేని వేళ్లు మెలితిరగడం పిచ్చి కాదు. మెదడులో ఆ పాదానికి కేటాయించిన చోటు అలాగే ఉంది. ఈ సంగతి మనిషికి మొదటి వారంలోనే చెప్పాలి. చాలామంది చెబితే నవ్వుతారేమోనని నోరు మూసుకుని రాత్రంతా మేలుకుంటారు. కట్టు, మాలిష్ వల్ల కొంత తగ్గుతుంది. గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు డాక్టర్ మోతాదు చూసి రాస్తారు, మందుల షాపులో అడిగి తెచ్చుకునేవి కావు. అద్దం వైద్యం కూడా కొందరికి పనిచేస్తుంది. రెండు కాళ్ల మధ్య రెండడుగుల పైబడిన అద్దం నిలబెట్టి, మంచి కాలి ప్రతిబింబం లేని కాలి చోట కనిపించేలా సర్దుకుని, వేళ్లు ముడవడం, చాపడం, పాదం తిప్పడం రోజుకు 15 నిమిషాలు, నాలుగు వారాలు. అద్దం అంచులకు టేపు వేయడం మరవకండి.

ఇంకో ప్రమాదం ఇదే కోవలోది. అర్ధరాత్రి నిద్రమత్తులో రెండు కాళ్లూ ఉన్నాయనుకుని లేచి నిలబడి పడిపోతారు. పడేది సరిగ్గా స్టంపు చివర మీదే, కుట్లు విడిపోతాయి. వాకర్‌ను మంచానికి అడ్డంగా, లేవాలంటే చేతికి తగిలేలా పెట్టండి. చిన్న లైటు వెలుగుతూ ఉండాలి.

కొలత ఎప్పుడు ఇవ్వాలి

తొందరపడి కొలత ఇస్తే నెల తిరక్కుండా సాకెట్ వదులవుతుంది. మోకాలి చిప్ప కింది అంచు నుంచి 5, 10 సెంటీమీటర్ల దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి, వారానికోసారి అదే పూట, అదే టేపుతో చుట్టుకొలత తీసి క్యాలెండర్ మీద రాయండి. వరసగా రెండు వారాలు తేడా అర సెంటీమీటరు లోపే ఉంటే కొలతకు సిద్ధమైనట్టు. మామూలుగా ఆపరేషన్ తర్వాత 6 నుంచి 8 వారాలు పడుతుంది, షుగర్ ఉండి గాయం మానడం ఆలస్యమైతే ఇంకా ఎక్కువ. డయాలసిస్ చేయించుకునేవారికి స్టంపు సైజు డయాలసిస్‌కు ముందు ఒకలా, తర్వాత ఒకలా ఉంటుంది. ఆ సంగతి కొలత తీసేవారికి ముందే చెప్పాలి.

హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్ లాంటి పెద్దాసుపత్రులు, ప్రైవేటు ప్రోస్థెటిక్ (కృత్రిమ అవయవాల) క్లినిక్‌లు, ఉచితంగా జైపూర్ కాలు అమర్చే భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి కేంద్రం, ఇన్ని దారులున్నాయి. జైపూర్ పాదం 1968లో మన దేశపు అలవాట్లకోసమే పుట్టింది. రబ్బరుతో చేసిన ఆ పాదంతో వట్టి కాళ్లతో నడవచ్చు, పొలం గట్ల మీద, బురదలో తిరగొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. దాని కాలు భాగం ప్లాస్టిక్ పైపుతో చేస్తారు, చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే అమర్చి పంపుతారు. మాడ్యులర్ కాలులో లోపల లోహపు గొట్టం ఉంటుంది, స్క్రూలతో కోణం తర్వాత కూడా సరిచేసుకోవచ్చు. ఏది గొప్ప అని అడగడం కంటే సాకెట్ ఎవరు బాగా చేస్తారని అడగడం తెలివైన పని. పాదం ధర ఎంతైనా, చర్మాన్ని తాకేది సాకెట్టే.

సర్టిఫికెట్ పని ఈలోపే మొదలుపెట్టండి. మోకాలి కింద కాలు పోతే వైకల్యం 40 శాతం గీత దాటుతుంది కాబట్టి 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద అర్హత వస్తుంది. సదరెం అనే వైకల్య సర్టిఫికెట్‌కు మీసేవలో స్లాట్ తీసుకోవడం ఈ ఊరికి ఇదివరకటి అలవాటు. దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. వికలాంగులకు సహాయ పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడీఐపీ పథకం కింద ఉచితంగా కాలు తీసుకుంటే అదే సాయం మళ్లీ పొందడానికి పెద్దవాళ్లు మూడేళ్లు ఆగాలి. స్టంపు ఇంకా వాపుతో ఉండగానే శిబిరంలో కాలు తీసుకున్నవాళ్లు, ఆరు నెలలకే అది వదులై, మిగతా రెండున్నరేళ్లు గుడ్డలు కుక్కుకుంటూ నడుస్తారు. శిబిరం వచ్చింది కదా అని పరిగెత్తకుండా, ముందు ఆ క్యాలెండర్ చూడండి.

కొలత రోజు, అమర్చే రోజు

రోజూ వేసుకునే చెప్పులు లేదా బూట్లు జతగా వెంట తీసుకెళ్లండి. ఇది మరచిపోవడం అందరికీ అలవాటు, తర్వాత బాధ కూడా అందరిదీ. కృత్రిమ పాదాన్ని ఒక మడమ ఎత్తుకు సరిపెట్టి బిగిస్తారు. అంతకంటే ఎత్తు మడమ వేస్తే మోకాలు ముందుకు తోసుకుపోయి వాలిపోతుంది. బూట్లకు సరిపెట్టిన కాలితో ఇంట్లో వట్టి పాదంతో తిరిగితే గుట్ట ఎక్కుతున్నట్టుండి మోకాలు వెనక్కి విరుచుకుంటుంది. మన ఇళ్లలో గడప దగ్గరే చెప్పులు విప్పుతాం కదా. అందుకని ఇంట్లో ఎన్ని గంటలు, బయట ఎన్ని గంటలు, నేల మీద కూర్చుంటారా, నమాజు చేస్తారా, గుళ్లోకి వెళ్తారా అన్నవి విడమరచి చెప్పండి. ఇంట్లో వాడటానికి అదే మడమ ఎత్తున్న చెప్పు ఇంకో జత పెట్టుకోవడం సులువైన మార్గం. మడమ వెనక పట్టీ ఉన్నదే కొనండి. హవాయి చెప్పు కృత్రిమ పాదంలో నిలవదు, పట్టుకునే వేళ్లు లేవు కదా.

అమర్చాక గదిలో పది అడుగులు వేసి బాగుందని ఇంటికి రాకండి. రెండు కాళ్ల మీద సమానంగా భారం వేసి నిలబడితే నడుం రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉండాలి, ఒక సెంటీమీటరు లోపు తేడా ఫరవాలేదు. సాకెట్ అంచు దగ్గర స్టంపు సాక్స్ మీద పెన్నుతో గీత గీసి కాలు పైకెత్తండి. గీత సెంటీమీటరు కంటే ఎక్కువ బయటికొస్తే కాలు వదులుగా వేలాడుతోందని అర్థం. పిల్లలాడుకునే రంగు మట్టి గోలీ అంత సాకెట్ అడుగున వేసి నిలబడి చూడటం ఇంకో పరీక్ష. మట్టి పలుచటి బిళ్ల అయితే మంచిది. గుండ్రంగానే ఉంటే స్టంపు అడుగుదాకా దిగలేదు. పూర్తిగా నలిగి కాగితంలా అయితే మరీ దిగింది, భారమంతా ఎముక చివర పడుతోంది.

కాలు తీశాక చర్మం చూడండి. చిప్ప కింది స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) దగ్గర, పిక్క వైపు కొద్దిగా ఎర్రబడటం సహజం, అక్కడే భారం పడాలి. పావుగంటలో ఆ ఎరుపు పోవాలి. మోకాలి బయటి పక్కన ఉండే చిన్న ఎముక గుబ్బ మీద, కాలి ముందు ఎముక చివర మీద ఎరుపు ఉంటే మాత్రం సాకెట్ సరిచేయించాలి. ఎక్కడ ఒత్తుతోందో చెప్పలేకపోతే ఆ చోట లిప్‌స్టిక్ రాసి తొడగండి, సాకెట్ లోపల మరక పడ్డ చోటే క్లినిక్‌లో చెక్కించాలి. సర్దుకుంటుందిలే అని భరించొద్దు. చర్మం గట్టిపడి సర్దుకుంటుందన్న మాట కొత్త చెప్పుకు చెల్లుతుందేమో, సాకెట్‌కు చెల్లదు.

మొదటి నెల

మొదటి రోజు అరగంటే, అందులో నడక ఐదు నిమిషాలు. తీసి, చేతి అద్దంతో వెనక వైపు కూడా చూసి, ఎరుపు పోతే సాయంత్రం ఇంకోసారి. రోజుకు అరగంట చొప్పున పెంచుకుంటూ పోతే రెండు మూడు వారాల్లో పూటంతా వేసుకోగలరు. షుగర్‌తో స్పర్శ పోయినవాళ్లు ఇంకా మెల్లగా పెంచాలి, వాళ్లకు బొబ్బ లేచినా నొప్పి తెలియదు. బొబ్బ వస్తే మానేదాకా కాలు వేయకూడదు, పెళ్లికి వెళ్లాల్సి ఉన్నా సరే.

సాక్స్ లెక్క నేర్చుకోవాలి. అవి ఒక పొర, మూడు పొరలు, ఐదు పొరల మందంలో దొరుకుతాయి. స్టంపు పొద్దుటి కంటే మధ్యాహ్నానికి సన్నబడుతుంది. చిప్ప సాకెట్‌లోకి దిగిపోయి, అడుగున ఎముక గుచ్చుతుంటే ఒక పొర కలపండి. పైన బిగిసి స్టంపు అడుగుకు దిగకపోతే ఒక పొర తీయండి. జేబులో ఒకటి ఎప్పుడూ ఉండాలి. ముడత పడిన సాక్స్ బొబ్బకు విత్తనం, కుట్టు బయటికి ఉండేలా తొడగండి. మొత్తం పది పొరలు దాటాయంటే కొత్త సాకెట్‌కు టైమొచ్చింది. మొదటి సాకెట్ ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాల్సి రావడం మామూలే, ముందే డబ్బు పక్కన పెట్టుకోండి.

మన ఊరి ఏప్రిల్, మే నెలల్లో సాకెట్ లోపల చెమట నిలుస్తుంది. మధ్యాహ్నం ఒకసారి తీసి తుడిచి, పొడి సాక్స్ మార్చండి. లైనర్ (సాకెట్ లోపల స్టంపుకు తొడిగే మెత్తటి తొడుగు) ఉంటే రోజూ రాత్రి కడిగి, ఎండలో కాక గాలికి ఆరేయాలి. తొడిగే ముందు నూనె, పౌడరు రాయొద్దు.

చేతికర్ర కృత్రిమ కాలికి ఎదుటి చేతిలో పట్టాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కృత్రిమ కాలు ముందు. సిటీ బస్సు మొదటి మెట్టు ఎత్తు కాబట్టి మొదటి రెండు నెలలు ఆటోనే మేలు. మొదట సీటు మీద కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తీసుకోవాలి. మెట్రోలో ఎస్కలేటర్ వద్దు, లిఫ్టు వెతకండి. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఉంటే మీద పెట్టే కమోడ్ కుర్చీ వేసి, పక్క గోడకు నేల నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తున స్టీలు కడ్డీ బిగించండి. టైల్స్‌కు బిగించే అతుకుడు కప్పుల రకం కడ్డీలు తడికి ఊడిపోతాయి, డ్రిల్లు వేసి స్క్రూలతో బిగించినదే నమ్మండి. అద్దె ఇల్లయితే ఓనర్‌ను ముందే ఒప్పించాలి.

నడిచేటప్పుడు కటకట చప్పుడొస్తే పాదం బోల్టు వదులైనట్టు, ఆ రోజే క్లినిక్‌కు వెళ్లండి. ఇంట్లో స్పానర్‌తో తిప్పితే పాదం కోణం మారిపోతుంది. ఆరు నెలలకోసారి ఏ బాధా లేకపోయినా చూపించుకోవాలి. వెళ్లినప్పుడల్లా మంచి పాదాన్ని కూడా చూపించండి. షుగర్ వల్ల ఒక కాలు పోయినవారికి రెండోది కూడా అదే షుగర్ నీడలో ఉంది, పైగా ఇప్పుడు దాని మీద భారం పెరిగింది. రోజూ రాత్రి వేళ్ల మధ్య, మడమ కింద టార్చి వేసి చూడటం ఇంట్లో ఒకరి పనిగా పెట్టుకోండి.